మూడో బస్తా

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. నా మీద వాటికి ఉందో లేదో కనుక్కునే అవకాశం రాలేదు. మా పెద్దమ్మకి కనిపించిన దెయ్యాలన్నీ ఆవిడకి అజీర్తి చేసిన రోజుల్లోనే కనిపించాయని నలుగురిలో చెప్పి, చీపురు దెబ్బలు తిన్నవాణ్ణి.

టెక్కలిలో ఒక ఆఫీసులో గుమాస్తాని. ఉన్నదున్నట్టు రాసి కింద సంతకం పెట్టడం నా ఉద్యోగం. ఇది కూడా ఉన్నదున్నట్టే రాస్తున్నాను. సంతకం మాత్రం పెట్టను.

పందొమ్మిది వందల అరవై ఎనిమిదిలో, చలికాలం మొదట్లో జరిగింది. మా అక్క మొగుడు మందస అవతల ఒక రాతి కాంట్రాక్టరు దగ్గర తీగబండి నడిపేవాడు. కొండ మీద కొట్టిన రాయిని కిందికి దించడానికి వేసిన ఏర్పాటది. లావుపాటి ఇనప తీగ మీద రెండు తొట్టెలు. ఒకటి పైకి పోతే రెండోది కిందికి వస్తుంది, నూతి గిలకకి రెండు చేదలు కట్టినట్టు. ఇంజను లేదు. బరువున్న తొట్టె దిగుతూ తేలిక తొట్టెని పైకి లాగుతుంది. కింద మా బావ బిరేకు పట్టుకుని వేగం చూసుకుంటాడు.

మనుషులు దిగాలంటే ఒక పద్ధతి ఉంది. పైన గంటకి బదులు రైలుపట్టా ముక్క ఒకటి వేలాడదీసి ఉంటుంది. ఎంతమంది దిగుతున్నారో దాని మీద అన్ని దెబ్బలు కొట్టాలి. అది విని బావ కింది తొట్టె ఖాళీ చేసి, అందులో అన్ని ఇసుక బస్తాలు వేస్తాడు. బస్తా మనిషి కంటే కాస్త తేలిక. కాబట్టి మనుషులున్న తొట్టె నెమ్మదిగా, పెళ్లికూతురు పీటల మీదికి వచ్చినట్టు దిగుతుంది. ఒక్క బస్తా ఎక్కువైందా, దిగనే దిగదు. ఇదొక్కటి గుర్తుంచుకోండి.

పైన రెండు శిఖరాలు. తీగబండి ఆగేది ఒకదాని మీద, రాయి కొట్టేది రెండోదాని మీద. మధ్యలో లోయ. లోయ మీద ఇనప తీగల వంతెన, అడుగున చెక్కలు. ఆడకూలీలు రాళ్ల తట్టలు నెత్తిన పెట్టుకుని ఆ వంతెన మీద రోజంతా నడిచేవారు. అక్కణ్ణుంచి చూస్తే ఉద్దానం కొబ్బరితోటలూ, వాటి అవతల సముద్రమూ కనిపిస్తాయని బావ ఎన్నాళ్లుగానో ఊరిస్తున్నాడు. ఆదివారం పనికి సెలవు. శనివారం నింపిన రాతి తొట్టె ఒకటి పైన అలాగే ఉంచుతానని, దాని బరువుతో మమ్మల్ని పైకి లాగిస్తానని కబురు పెట్టాడు.

నాతో పాటు సూరి వచ్చాడు. కవిటిలో బడిపంతులు, నా చిన్ననాటి స్నేహితుడు. పిల్లల్ని భయపెట్టి జీతం తీసుకునేవాడు కానీ, తాను మాత్రం అన్నిటికీ ఉచితంగానే భయపడేవాడు. పలాసలో కలుసుకుని, బస్సులో మందస వెళ్లి, అక్కణ్ణుంచి నడిచాం. మధ్యాహ్నం రెండు గంటలకి కొండ కింద ఉన్నాం.

బిరేకు పాకకి ఎదురుగా ఒక రాతి మీద ముసలామె కూర్చుని ఉంది. చేతిలో ఏమీ లేదు. ఎవరి వైపూ చూడటం లేదు. తీగ వైపు చూస్తోంది.

"ఎవరు బావా?" అన్నాను.

బావ గొంతు తగ్గించాడు. "దాలమ్మ. దీని కూతురు నీలవేణి ఇక్కడే తట్ట మోసీది. వానల్లో ఒక పొద్దు అగుపడకుండా పోనాది. ఎవడితోనో రైలెక్కి కలకత్తా పోనాదంటాడు మేస్త్రీ. కూలోల్లేమో వంతెన మీంచి జారిపోనాదంటారు. కల్లతో సూసినోల్లు నేరు."

"లోయలో వెతకలేదా?"

"మేస్త్రీ దిగనిత్తేనా? పోలీసులొత్తే పని ఆగిపోద్దని ఆడి బయం."

మూడు నెలలుగా దాలమ్మ పరిస్థితి అది. కూతురు చచ్చిపోయిందంటే ఏడవొచ్చు. పారిపోయిందంటే ఊళ్లో తలెత్తుకోలేకపోయినా, ఎదురుచూడొచ్చు. ఏదీ తేలక, పని లేని రోజుల్లో వచ్చి ఇక్కడ కూర్చుంటోంది. పని ఉన్న రోజుల్లో అయితే తరిమేస్తారు.

వాళ్ల వైపు ఒక ఆచారం ఉంది. బయటెక్కడో పోయినవాళ్లని, వాళ్లు పోయిన చోటికే వెళ్లి పేరుపెట్టి ఇంటికి పిలవాలి. పిలిచాక వెనక్కి చూడకుండా ఇంటికి నడవాలి. ఆ తరవాతే దినాలు. పిలవకపోతే ఆ మనిషి అక్కడే ఉండిపోతుందని నమ్మకం. దాలమ్మని కొండ ఎక్కనివ్వద్దని మేస్త్రీ హుకుం. ఎక్కిస్తే బావ పని పోతుంది.

మేం తొట్టె దగ్గరికి వెళ్తుంటే ఆమె లేచి వచ్చింది.

"పైకెల్తన్నారా బాబూ? వంతెన కాడ నా పిల్లనొక్కపాలి పిలుత్తారా? పేరు నీలవేణి. ఇంటికి రమ్మన్నానని సెప్పండి. అంతే."

"అలాగేనమ్మా, కేకేస్తాను. పలికితే నా వెంట తీసుకొచ్చేస్తాను," అన్నాను. నా నోటికి అలాంటి మాటలే ముందొస్తాయి.

ఆమెకి అందులో హాస్యం కనిపించలేదు. "తీసుకొత్తే అంతకంటే ఏటి కావాల బాబూ," అంది.

సూరి నా డొక్కలో పొడిచాడు.

తొట్టెలో ఎదురెదురుగా రెండు పలకలు. సూరి నా చొక్కా పట్టుకుని నా పక్కనే కూర్చోవడంతో బరువంతా ఒకవైపే పడి తొట్టె ఒరిగింది. పైకి చేరేదాకా మా కాళ్లు జారుతూనే ఉన్నాయి. మధ్యలో రాళ్ల తొట్టె మమ్మల్ని దాటి కిందికి పోయింది. దానికి నమస్కారం పెట్టమని సూరికి చెప్పాను. పెట్టాడు.

పైన ఎవరూ లేరు. కాపలావాడు కూడా సెలవు పెట్టి ఊరికి దిగిపోయాడని వాడి గుడిసెకి వేసిన తాళం చెప్పింది. బావకి ఆ సంగతి తెలీదు.

వంతెన దగ్గరికి వెళ్తే బావ చెప్పినవన్నీ కనిపించాయి. తోటలు, వాటి మీద పొగమంచు, చివర సన్నగా సముద్రం. ఎంత అందంగా ఉన్నా రెండు నిమిషాల కంటే చూడలేకపోయాం. వంతెన నడుమ ఒక చెక్క మిగతా వాటికంటే కొత్తది. దాన్నెప్పుడు వేశారో, పాతదేమైందో అడగడానికి అక్కడ మనిషి లేడు. కిందికి చూస్తే లోయలో చెట్ల తలలు తప్ప ఏమీ కనిపించవు.

మాటిచ్చాను కదా. నోటి దగ్గర చేతులు పెట్టుకుని అరిచాను. "నీలవేణీ! మీ అమ్మ ఇంటికి రమ్మంటోంది!" అక్కడితో ఊరుకోవలసింది. ఊరుకోలేదు. "తొట్టెలో చోటుంది, వచ్చెయ్! ఎదురు సీటు నీదే!"

ప్రతిధ్వని కూడా రాలేదు. అంత లోయలో ప్రతిధ్వని ఎందుకు రాలేదని సూరి అడిగాడు. ఆదివారం కదా, దానికీ సెలవన్నాను.

వెనక్కి వచ్చి తొట్టెలో కూర్చున్నాం. సూరి మళ్లీ నా పక్కనే. రైలుపట్టా ముక్క చేతికి అందేంత దూరంలో ఉంది. సుత్తి తీసి రెండు కొట్టాను. కాస్త ఆగి మూడోది కూడా కొట్టాను.

"ఒరే, ఇద్దరమేరా!" అన్నాడు సూరి.

"పిలిచినావిడ్ని వదిలేసి పోతామా?" అన్నాను.

నా పథకం చిన్నది. బావ మూడు బస్తాలు వేస్తాడు. మేం ఇద్దరం. తొట్టె కదలదు. బావ కాసేపు జుట్టు పీక్కుంటాడు. తరవాత నేను మళ్లీ రెండు కొడతాను, ఒక బస్తా తీసేస్తాడు. సాయంత్రం అక్క ముందు దీని మీద ఒక అరగంట నవ్వుకోవచ్చు.

సుత్తి చేతిలోనే ఉంది. తొట్టె కదిలింది.

కుదుపు లేదు. నెమ్మదిగా, పద్ధతిగా దిగింది. బావ అనుమానం వచ్చి రెండే వేశాడేమో అనుకున్నాను. సగం దారిలో ఎదురు తొట్టె మమ్మల్ని దాటింది. లోపలికి తొంగి చూశాను. మూడు బస్తాలు. ఒకదాని మూతి తాడుకి బదులు ఎర్రగుడ్డతో కట్టి ఉంది. అంత బాగా చూశాను.

అప్పుడు సూరి నెమ్మదిగా అన్నాడు, "తొట్టె ఒరగలేదేంట్రా?"

నిజమే. ఎక్కేటప్పటిలాగే ఇద్దరం ఒకే పలక మీద ఉన్నాం. తొట్టె తక్కెడలాగా సమంగా వేలాడుతోంది. మా కాళ్లు జారడం లేదు. ఎదురు పలక మీద ఏమీ లేదు. చలి వేయలేదు, వాసన రాలేదు, గాజుల చప్పుడు వినబడలేదు. వినబడిందని రాస్తే కథ రక్తి కడుతుంది కానీ, వినబడలేదు. ఖాళీ పలక. అంతే. కిందికి చేరేదాకా ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. నాకు ఒక్క జోకు కూడా తట్టలేదు.

కింద బావ బిరేకు వేసి మా వెనక చూశాడు. "కాపలావోడేడీ?"

"వాడు పైన లేడు బావా."

"మరి మూడోవోరు?"

నేను నోరు తెరిచేలోపు దాలమ్మ వచ్చేసింది. మేం ఇద్దరమే ఎక్కడం ఆమె చూసింది. వినబడిన దెబ్బలు మూడని లెక్కపెట్టుకుంది. మమ్మల్ని దిగమని చేత్తో సైగ చేసి, ఎదురు పలక దగ్గరికి వెళ్లి, చెయ్యి చాపింది.

"రావే తల్లీ. ఇంటికెల్దాం," అంది.

ఆమె గొంతులో ఏడుపు లేదు. బడి వదిలాక పిల్లని తీసుకెళ్లడానికి వచ్చిన తల్లిలాగా అంది. అటు తిరిగి నడవడం మొదలుపెట్టింది. వెనక్కి చూడలేదు. జీడితోట మలుపు తిరిగేదాకా చెయ్యి కొంచెం వెనక్కే పెట్టుకుని నడిచింది.

గంట నేను హాస్యానికి కొట్టానని అప్పుడే చెప్పవలసింది. ఆమె పోయాక బావకి చెప్పాను. కొడతాడనుకున్నాను. కొట్టలేదు.

"మల్లీ కూకోండి తొట్టెలో," అన్నాడు.

"ఎందుకు?"

"కూకోమన్నానా!"

కూర్చున్నాం. మూడు బస్తాల తొట్టె ఇప్పుడు పైన ఉంది. బావ బిరేకు వదిలాడు. బస్తాలు దిగడం మొదలై మమ్మల్ని పైకి లాగాయి. పది అడుగులు లేచాం. మా తొట్టె ఒకవైపు ఒరిగింది, కాళ్లు జారాయి. బావ బిరేకు బిగించి, నిచ్చెన తెచ్చి మమ్మల్ని తంటాలుపడి కిందికి దించాడు.

మూడు బస్తాలు మా ఇద్దరి కంటే బరువు. అయిదు నిమిషాల క్రితం కూడా అవే బస్తాలు, అదే ఇద్దరం.

"ఇప్పుడు సెప్పు బామ్మర్దీ," అన్నాడు బావ. "నవ్వించు."

ఆ తరవాత నేను ఆలోచించని కారణం లేదు. గాలి తోసిందేమో అనుకుంటే ఆవేళ ఆకు కదలలేదు. తీగ పట్టేసిందేమో అనుకుంటే, పట్టేస్తే ఆగాలి కానీ దిగకూడదు. సూరి మధ్యాహ్నం తిన్న అన్నం అని కూడా రాసుకున్నాను, కానీ అంత అన్నం ఏ హోటల్లోనూ పెట్టరు.

నన్ను నిద్రపోనివ్వనిది ఇంకొకటి. మేస్త్రీ చెప్పిందే నిజమై, నీలవేణి కలకత్తాలో ఎక్కడో బతికే ఉంటే? బతికున్న మనిషికి నా వెకిలితనంతో దినాలు పెట్టించినవాణ్ణి అవుతాను. ఒక తల్లి ఎదురుచూడటం నా మూలంగా మానేసినట్టు అవుతుంది.

ఇది ఆమెకి చెప్పాలి. పదకొండో రోజున సూరిని తీసుకుని ఆమె ఊరు వెళ్లాను. వెళ్లేముందు బావ ఒకటే అడిగాడు. "గంట అబద్దంగా కొట్టానని సెప్తావు, సరే. మరి తొట్టె ఎలా దిగిందని అడిగితే ఏటి సెప్తావు?"

మందసకి ఇటువైపు, కొబ్బరి చెట్ల మధ్య తాటాకిల్లు. లోపల చుట్టాలు గట్టిగా ఏడుస్తున్నారు. ఆ ఇంట్లో మూడు నెలల తరవాత ఏడవగలిగారని సూరి అన్నాడు. రైలు మాట, కలకత్తా మాట ఎవరూ ఎత్తడం లేదు. దాలమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. మొహం తేటగా ఉంది, చాలా రోజుల తరవాత నిద్రపోయి లేచినట్టు. నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"అమ్మా, ఆవేళ గంట..." అని మొదలుపెట్టాను.

"ఉండు బాబూ. ముందు నాకొకటి సెప్పు. దానికి ఎత్తంటే సిన్నప్పట్నించీ బయం. అంతెత్తు మీంచి దిగినప్పుడు బయపడిందేటి?"

సూరి నా వైపు చూడలేదు. లోపల ఏడుపులు ఒక్క క్షణం ఆగినట్టనిపించింది. బహుశా ఆగలేదు.

"లేదమ్మా," అన్నాను. "కదలకుండా కూర్చుంది."

ఆమె తల ఊపింది. నా చెయ్యి వదిలేసి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, అప్పుడు ఏడ్చింది.

గంట సంగతి నేను చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. ఆవేళ ఎదురు పలక మీద ఎవరూ లేరు, నా కళ్లతో చూశాను. కానీ నేను ఆమెకి చెప్పింది అబద్ధమని రాసి కింద సంతకం పెట్టమంటే, పెట్టలేను.