మందు అదే, పెట్టె వేరు

డాక్టర్ హిల్ట్రూడ్ ఆవర్‌బెక్ దగ్గర జబ్బు సంగతి ఎంతసేపైనా మాట్లాడవచ్చు గానీ, మాత్ర రంగు మాట మాత్రం ఎత్తకూడదని ఓస్టర్‌బెక్‌లో అందరికీ తెలుసు. జింక గుర్తు మందుల షాపులో కౌంటరు వెనుక నిలబడి పాతికేళ్లుగా ఆవిడ ఆ ఊరికి మందులతో పాటు విజ్ఞానం కూడా అందిస్తోంది. మందులకు చీటీ కావాలి. విజ్ఞానానికి అక్కర్లేదు, వద్దన్నా దొరుకుతుంది.

మాత్రలు నీళ్లలో ఎలా కరుగుతాయన్నది ఆవిడ డాక్టరేటు విషయం. వయసులో ఉన్నప్పుడు కొన్నేళ్లపాటు గాజు పాత్రల ముందు కూర్చుని, రకరకాల కంపెనీల మాత్రలు కరగడం చూసి, అన్నీ ఒక్కలాగే కరుగుతాయని తేల్చింది. ఆ తర్వాత ఆవిడను కరిగించగలిగినది ఏదీ పుట్టలేదని ముసలి ష్లూటర్ పేకాట బల్ల దగ్గర అనేవాడు.

అక్కడి బీమా సంస్థలు మందుల కంపెనీలతో బేరమాడతాయి. ఎవరు చవగ్గా ఇస్తే వాళ్ల మాత్రే కౌంటరు మీదికి వస్తుంది. నిన్నటిదాకా గులాబీ రంగు కోలమాత్ర మింగిన మనిషి ఇవాళ తెల్లటి గుండ్రటి మాత్ర మింగాలి. జనం గొణుగుతారు. హిల్ట్రూడ్ కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, "మందు అదే, పెట్టె వేరు" అంటుంది. అంతటితో గొణుగుడు ఆగాలి.

చట్టం ఒక చిన్న కిటికీ మాత్రం తెరిచి ఉంచింది. మాత్ర మారితే రోగికి నష్టమని తోస్తే ఫార్మసిస్టు 'అభ్యంతరం' అని నమోదు చేసి, కారణం రాసి, పాత మాత్రే ఇవ్వవచ్చు. మిగతా షాపులవాళ్లు ఆ కిటికీలోంచి ఊళ్లకు ఊళ్లను దాటించేస్తున్నారని హిల్ట్రూడ్‌కు మంట. తన సర్వీసులో దాన్ని ఒక్కసారి కూడా తెరవలేదని చెప్పుకునేటప్పుడు ఆవిడ గొంతులో, ఉపవాసం గురించి చెప్పుకునేవాళ్ల గొంతులో ఉండే తృప్తే ఉంటుంది.

ఎంగెల్‌బర్ట్ ష్లూటర్ జీవితమంతా ఇళ్ల పైకప్పులకు పెంకులు వేసి, కిందికి దిగాక రక్తపోటు తెచ్చుకున్నాడు. చలికాలంలో ఒకరోజు తెల్ల మాత్రల పెట్టె తెచ్చి కౌంటరు మీద పెట్టాడు.

"డాక్టరమ్మా, ఇవి నాకు పడట్లేదు. పక్కెక్కితే చాలు గుండె దడదడ. ఆ గులాబీవే ఇప్పించండి."

"ష్లూటర్ గారూ, మందు అదే, పెట్టె వేరు."

"నాకు అర్థమైందమ్మా. నా గుండెకే అర్థం కావట్లేదు."

"అయితే దానికి నచ్చజెప్పుకోండి. ఆ రంగే కావాలంటే సొంత డబ్బు పెట్టి కొనుక్కోండి. బీమా డబ్బు మందుకి, నమ్మకానికి కాదు."

"అభ్యంతరమని ఏదో రాస్తారటగా?"

"కారణం ఉంటే రాస్తాం. పేకాట బల్ల దగ్గర పుట్టిన కారణాలకి రాయం."

కౌంటరుకు ఇవతల నేల మీద ఒక పసుపు గీత ఉంటుంది. ఒకరి జబ్బు ఇంకొకరు వినకూడదని వేసిన గీత అది. వరసలోని వాళ్లందరూ మర్యాదగా దాని వెనకే నిలబడి, దగ్గు బిళ్లల సీసాల వైపు చూస్తూ, ప్రతి మాటా వింటారు. ఆ రోజు కూడా విన్నారు. ష్లూటర్ ఆవిడ చేతిలోంచి కాగితపు రుమాళ్ల పొట్లం ఒకటి తీసుకుని వెళ్లిపోయాడు. వచ్చినవాళ్లకు ఊరికే ఇచ్చే పొట్లం అది. మనిషికి ఒకటే అన్నది హిల్ట్రూడ్ నియమం. ఆ తర్వాత ఆయన మళ్లీ కనబడలేదు.

వసంతం వచ్చింది. హిల్ట్రూడ్‌కు కూడా రక్తపోటు ఉంది, ఆవిడదీ ఆ గులాబీ మాత్రే. ఆవిడ బీమా సంస్థ కూడా బేరం మార్చింది.

తెల్ల మాత్రను మొదటి రోజు చిరునవ్వుతో మింగింది. ఆ వారం గడవకముందే పక్కెక్కగానే గుండె దడదడమంది. రక్తపోటు చూసుకుంటే, పాఠ్యపుస్తకంలో ఆరోగ్యానికి నమూనాగా అచ్చు వేయదగ్గ అంకెలు వచ్చాయి. యంత్రంలో బ్యాటరీలు మార్చింది. అవే అంకెలు. చివరికి ఇంట్లో మిగిలిన గులాబీ మాత్ర ఒకటి, తెల్ల మాత్ర ఒకటి తీసి రెండు గ్లాసుల నీళ్లలో వేసి ముందు కూర్చుంది. రెండూ ఒకేసారి, ఒక్కలాగే కరిగిపోయాయి. రెండు పెట్టెల మీదా సన్నక్షరాల్లో ఉన్నది ఒకే కర్మాగారం పేరని కూడా ఆవిడకు తెలుసు. ఇన్ని తెలిసిన మనిషికి నిద్ర పట్టాలి. పట్టలేదు.

సొంత డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు, అదేం పెద్ద మొత్తం కాదు. కానీ అలా కొంటే అది నమ్మకం అవుతుంది. హిల్ట్రూడ్‌కు కావలసింది మందు. తన షాపులోనే అభ్యంతరం రాయించుకుందామా అంటే, కింది ఉద్యోగులు ముందు నవ్వు బిగబట్టి, తర్వాత వెనకగదిలోకి పోయి నవ్వుతారు. అందుకని సెలవు పెట్టిన శనివారం పొద్దున తలకు స్కార్ఫు చుట్టుకుని, సైకిలెక్కి పక్క ఊరు హార్ల్‌డోర్ఫ్ పోయింది. అక్కడ హంస గుర్తు మందుల షాపు ఉంది. ఇంతకాలం ఆవిడ ఎవరిని తలచుకుని మండిపడుతోందో వాళ్ల షాపే.

కౌంటరులో వీబ్కె అనే పడుచు ఫార్మసిస్టు ఉంది. బీమా కార్డు పెట్టగానే తెర మీద పేరు చూసి మొహం విప్పార్చింది.

"ఓస్టర్‌బెక్ డాక్టరమ్మగారు మీరేనా! మీ గురించి చాలా విన్నానండీ. మీ ఊరివాళ్లు సగంమంది మా దగ్గరికే వస్తారు."

"గులాబీవి కావాలి," అంది హిల్ట్రూడ్ గొంతు తగ్గించి. "అభ్యంతరం రాయండి."

"అలాగేనండీ. కారణం ఏం రాయను?"

"కరగడంలో తేడా ఉంది."

"ఉందాండీ? దాని మీద ఎవరైనా పరిశోధన చేశారా?"

చేసిన మనిషి కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"పోనీ సొంత డబ్బు పెట్టుకుంటే కారణమే అక్కర్లేదండీ, ఇప్పుడే ఇచ్చేస్తా."

హిల్ట్రూడ్ చెయ్యి సంచిలోకి పోయి, పర్సును తాకి, ఉత్తదే బయటికొచ్చింది.

"మామూలుగా ఏం రాస్తారు మీరు?"

"మాకు ఒకటుందండీ, బీమావాళ్లు ఇంతవరకు ఎదురు చెప్పలేదు. 'వృద్ధ రోగి. పెట్టె మారితే తికమక పడతారు.'"

"నాకింకా అరవై రాలేదు."

"సరే, 'వృద్ధ' తీసేస్తా." వీబ్కె ఒక మీట నొక్కింది. "తికమక ఉంచనా?"

అక్కడా నేల మీద ఒక పసుపు గీత, దాని వెనక ఒక వరస ఉన్నాయి. దగ్గు బిళ్లలను అంత శ్రద్ధగా ఏ ఊళ్లోనూ చదివి ఉండరు.

"ఉంచండి," అంది డాక్టర్ హిల్ట్రూడ్ ఆవర్‌బెక్.

"ఏం ఫరవాలేదు డాక్టరమ్మా," అంది గీత వెనక నుంచి ఒక గొంతు. "మందు అదే, పెట్టె వేరు."

టోపీ చేత్తో పట్టుకుని ష్లూటర్ నిలబడి ఉన్నాడు. ఎగతాళిగా కూడా అనలేదు. జ్వరం వచ్చిన పిల్లను ఓదార్చినట్టు అన్నాడు.

ఆ రాత్రి గులాబీ పెట్టెను తలగడ పక్కన పెట్టుకోగానే హిల్ట్రూడ్‌కు నిద్ర ముంచుకొచ్చింది. మాత్ర మింగడం కూడా మరిచిపోయింది. ఆదివారం మాత్రం కుదురు లేదు. ఆదివారాలు ష్లూటర్ పేకాట ఆడతాడు. ఆ బల్ల దగ్గర ఒక మాట పడిందంటే సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. పాతికేళ్ల పరువు ఒక పైకప్పు మేస్త్రీ నాలుక మీద కూర్చుని ఉంది.

సోమవారం పొద్దున వరస బాగా పొడుగ్గా ఉన్నప్పుడు ష్లూటర్ జింక షాపులోకి వచ్చాడు. ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. అంటే ఇంకా చెప్పలేదన్నమాట.

"చాలా రోజులైంది ష్లూటర్ గారూ!"

"అంత దూరం సైకిలు తొక్కలేకపోతున్నానమ్మా. సొంత ఊళ్లో మీరుండగా పరాయి ఊరెందుకు?" అని కార్డు పెట్టాడు.

హిల్ట్రూడ్ మీటలు నొక్కింది. గులాబీ మాత్రల పెట్టె కౌంటరు మీదికి వచ్చింది.

"అభ్యంతరం రాశారన్నమాట! కారణం ఏం రాశారమ్మా?" పైకప్పు మీద నుంచి వీధిలోకి వినబడటానికి అలవాటుపడ్డ గొంతు అది.

"రోగి తికమక పడతారని."

"ఏ రోగి?"

హిల్ట్రూడ్ రుమాళ్ల పొట్లం ఒకటి అందించింది. ష్లూటర్ దాన్ని చూశాడు, తీసుకోలేదు. రెండోది పెట్టింది. ఆయన పైకి చూశాడు. గోడ మీద పెద్ద పెద్ద బొమ్మల క్యాలెండరు ఉంది. హిల్ట్రూడ్ దాన్ని మేకు నుంచి తీసి, చుట్టచుట్టి, రబ్బరు బ్యాండు వేసి చేతికిచ్చింది.

"నేనేనమ్మా ఆ రోగిని," అన్నాడు ష్లూటర్ సంతోషంగా. "నాకు కాక ఇంకెవరికుంటుంది తికమక?"

ఆయన తలుపు దాటాక హిల్ట్రూడ్ కళ్లజోడు సర్దుకుని, "తర్వాత ఎవరు?" అంది. ఇంతసేపూ దగ్గు బిళ్లలు చదువుతున్న ముసలమ్మ పసుపు గీత దాటి ముందుకొచ్చి, తెల్ల మాత్రల పెట్టె కౌంటరు మీద పెట్టింది.

"ఈ మధ్య నాకూ కాస్త తికమకగానే ఉంటోంది డాక్టరమ్మా," అంది, క్యాలెండరు పోయిన ఖాళీ మేకు వైపు చూస్తూ.