విస్తరికి అడ్డం పెట్టిన చేయి

ఆ రోజుల్లో చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా, పట్నం పోదామని మూట కట్టుకున్న పిల్లగాడెవడైనా ముందు నా దగ్గర పాఠం చెప్పించుకునే పోయేవాడు. హైదరాబాదును మేం పట్నం అనేవాళ్లం. వేరే పట్నం ఒకటి ఉండగలదని మాకు తోచేది కాదు. అలాంటి పట్నంలో రెండేళ్లు ఉండి వచ్చినవాణ్ణి నేను. చాయ్ హోటల్లో నేను అడుగు పెడితే గ్రామఫోను మీద రికార్డు మార్చేవాళ్లు. మూసీ వంతెన గోడ మీద నేను సాయంత్రాలు మోచేతులు ఆనించిన చోట రాయి నున్నబడింది. (రెండేళ్లు అన్నానా? కొంచెం సాగదీశాను. ఒక వానాకాలం అనుకోండి. సరే, ఈ వయసులో దాపరికమెందుకు, తొమ్మిది రోజులు.)

మొయినాబాద్‌లో మా మేనత్త వాళ్లకు కిరాణా దుకాణం ఉండేది. చేవెళ్ల నుంచి మా బాపు చింతపండు, పప్పులు పంపినప్పుడల్లా బండి వెంట నేను వచ్చేవాణ్ణి. గోనెలు దించాక నలుగురైదుగురు పిల్లగాళ్లను వెంటేసుకుని గండిపేట చెరువు నీళ్లు కనిపించే గుట్ట దాకా నడిచేవాణ్ణి. అదే నా బడి. పొద్దు వాలే వేళ ఆ నీళ్ల మీద ఎర్ర జరీ పరిచినట్టుండేది. అవతలి గట్టు మసకలో కరిగిపోయేది. కనపడని ఆ గట్టు మీద నేను నా పట్నాన్ని కట్టేవాణ్ణి. అక్కడ ఎవరూ నూనె పోయకుండానే దీపాలన్నీ ఒక్కసారి వెలిగేవి. గుర్రపు బండ్ల గంటలు దూరం నుంచి వచ్చి దూరానికే పోయేవి. సందు మలుపు తిరిగితే అత్తరు వాసన, ఇంకో మలుపు తిరిగితే వేడి బిస్కెట్ల వాసన. చెబుతూ చెబుతూ నేనే అందులోకి నడిచి వెళ్లిపోయేవాణ్ణి. పిల్లగాళ్లు నోళ్లు తెరుచుకుని నా వెనక వచ్చేవాళ్లు.

"పెద్ద మేడ అవుపడితే తల ఎత్తొద్దు, కండ్లే ఎత్తాలె. తల ఎత్తినోడు ఊరోడని దొరికిపోతడు. పొద్దుమూకి వంతెన మీదికి పోయి నీళ్ల దిక్కు చూడాలె, నాకేం పని లేదన్నట్టు. గ్రామఫోను పాడుతుంటే పాడేటోడు ఏడున్నడని బల్ల కింద చూడొద్దు." (చూసినవాణ్ణి నేనే.)

"మరి తిండి ఎట్లన్నా?" అని ఎవడో ఒకడు తప్పకుండా అడిగేవాడు.

"తిండికేం ఫికరు? మీద పడి పెడతరు. మనమే విస్తరికి చేయి అడ్డం పెట్టాలె. మూడుసార్లు వద్దనాలె. నాలుగోసారి చేయి పక్కకు జరిపి మరీ పెడతరు. అడ్డం పెట్టక ఊకున్నవనుకో, వీడెవడో కరువోడనుకుంటరు."

ఇందులో నేను కనిపెట్టింది ఏమీ లేదు. మా ఇళ్లలో భోజనం అంటే అదే. చుట్టం చేయి అడ్డం పెట్టడం, పెట్టేవాళ్లు ఒట్లు పెట్టి, చేయి తోసి, గరిటె బోర్లించడం. బలవంతం చేయకపోతే పిలిచి అవమానించినట్టే. పట్నంలోనూ అలాగే ఉంటుందని నేను చెప్పడం వెనక ఒక కథ ఉంది, కాసేపట్లో చెబుతాను.

నా శిష్యులందరిలో ముఖ్యుడు మేనత్త కొడుకు, మా బక్క బావ. అతనికి పట్నంలో ఒక బట్టల దుకాణంలో కొలువు కుదిరింది. మా చెల్లెల్ని అతనికి చేసుకోవాలని అత్తకు ఆశ. బాపు మాత్రం, "నెల దినాలు పట్నంల నిలవని. అప్పుడు లగ్గం మాట మాట్లాడుదం" అన్నాడు. బక్క బావ వచ్చిన రోజు మా వంటింట్లో చెల్లెలి చేతిలో గిన్నెలు మామూలుకన్నా గట్టిగా మోగేవి. ఆ నెల రోజుల మీద ఆమె ఎంత ఆశ పెట్టుకుందో గిన్నెలకు తెలుసు, నాకూ తెలుసు. అందుకే బావకు ప్రత్యేకంగా రెండు సాయంత్రాలు పాఠం చెప్పి పంపాను.

నాలుగో రోజు మధ్యాహ్నం నేను చింతపండు వేసుకుని మొయినాబాద్ వచ్చాను. అత్తకు అప్పడాలు ఒత్తడంలో సాయం చేయడానికి చెల్లెలు కూడా బండెక్కి వచ్చింది. అప్పడాలు ఎండకు పరుస్తుండగా వాకిట్లోకి బక్క బావ నడిచి వచ్చాడు. బస్సెక్కితే తెలిసినవాళ్లు చూస్తారని పట్నం నుంచి నడిచే వచ్చాడట. మోకాళ్ల దాకా దుమ్ము. పేరుకు తగ్గట్టు ఇంకా బక్కగా అయ్యాడు. అత్త జొన్నరొట్టె, పచ్చిపులుసు ముందు పెట్టింది. అతను చేయి అడ్డం పెట్టలేదు. ఏడో రొట్టె దగ్గర అత్త అడిగింది.

"బువ్వ పెడ్తలేరా బిడ్డా ఆడ?"

"పెడ్తున్నరే. దుకాణపోళ్లు పూటకూళ్ల ఇంట్ల మాట్లాడి పెట్టిన్రు. ముందుగాల ఒక గరిటె ఏస్తడు. మల్ల గంప నిండ తెస్తడు. నేను చేయి అడ్డం పెడ్తున్న. ఆయన పోతున్నడు."

"ఏడికి?"

"పక్క విస్తరికి."

"మల్ల రాడా?"

"వస్తడు. మల్ల అడ్డం పెడ్తున్న. మూడోసారి నా మొకం సుత చూస్తలేడు. పెరుగు గూడ గట్లనే పోయింది." రొట్టె ముక్క చేతిలో పట్టుకుని అతను తల వంచుకున్నాడు. "ఒక్కలు గూడ తినుమని అంటలేరే. గంత చిన్నతనం నాకు ఏడ కాలే. నేను పోను. రేపు దుకాణం తెరిచే యాళ్లకు లేకుంటే ఇంకొకన్ని పెట్టుకుంటమన్నరు. పెట్టుకోని."

తలుపు చాటున చెల్లెలి గాజుల చప్పుడు ఆగిపోయింది. "గీ మూడుసార్ల ముచ్చట నీకెవ్వలు చెప్పిన్రురా?" అంది అత్త.

అప్పుడు నేను లేచి నిలబడ్డాను. వాకిలి మధ్యకు వచ్చి, ఛాతీ మీద చేయి పెట్టుకుని, "తప్పు నాది బావా" అన్నాను. నేనున్న తొమ్మిది రోజులూ నాకు ఆ మొదటి గరిటె తప్ప దక్కలేదని, ఆకలికి తట్టుకోలేక వాపసు వచ్చానని, ఎవరూ బలవంతం చేయలేదని ఇంట్లో చెప్పుకోవడానికి తల కొట్టేసినట్టయి ఒక పట్నాన్నే కల్పించానని, అంతా చెప్పేశాను. "అది అవమానం గాదు బావా. వంద విస్తర్లున్నయి, ఆయన ఒక్కడు. వద్దంటే వద్దనే అనుకుంటడు. ఎడమ చేయి ఒళ్లె పెట్టుకో. ఇంకింత పెట్టన్నా అని నోరు తెరిచి అడుగు."

"నోటితోని అడుగుడా? సిగ్గుండదా?" అన్నాడు బక్క బావ.

మర్నాడు తొలి బస్సులో నేనే తోడు వెళ్లాను. గండిపేట నీళ్ల మీద మంచు లేస్తోంది. గుట్ట మీది నా బడి మెల్లగా వెనక్కి పోయింది. తలుపులు తెరిచే వేళకు అతణ్ణి దుకాణంలో నిలబెట్టాను. మధ్యాహ్నం పూటకూళ్ల ఇంట్లో పక్కపక్కన కూర్చున్నాం. గంప దగ్గరికి రాగానే బావ చేయి అలవాటు కొద్దీ లేచింది. మణికట్టు పట్టి కిందికి లాగాను. "ఇంకింత... పెట్టన్నా" అన్నాడు, పెళ్లిపీటల మీద పేరు చెబుతున్నంత సిగ్గుతో. వడ్డించేవాడు ఆశ్చర్యపోలేదు. కుప్పగా పెట్టి ముందుకు పోయాడు. ఆ అన్నం మీద ఆవిరి లేచి, కిటికీలోంచి పడిన ఎండలో తేలి, నెమ్మదిగా మాయమైంది. గుట్ట మీద కూర్చుని అన్ని దీపాలు వెలిగించిన నాకు, ఈ ఒక్కటి ఊహకు రాలేదు.

బావ నెల నిలిచాడు. లగ్గమూ అయింది. పెళ్లి బంతిలో కొత్త పెండ్లికొడుకు ఎడమ చేయి ఒళ్లో పెట్టుకుని, "ఇంకింత పెట్టుండ్రి" అని గట్టిగా అడిగేసరికి మా పెద్దవాళ్లు గరిటెలు పట్టుకుని బొమ్మల్లా నిలబడిపోయారు. నా చేయి మాత్రం ఈనాటికీ విస్తరి చూస్తే తనంతట తానే లేస్తుంది. ఇప్పుడు వడ్డించే పిల్లలు, "సరే తాతా" అని వెళ్లిపోతారు. గుట్ట మీద కూర్చున్న ఆ పిల్లగాడు గుర్తొచ్చి, సగం ఖాళీ విస్తరి ముందు నాలో నేనే నవ్వుకుంటాను.

ఇంతవరకు రాసి మా చెల్లెలికి చదివి వినిపించాను. బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా విన్నది.

"నువ్వెప్పుడు లేచి నిలవడ్డవన్నా? మీ బావ వాకిట్లకు రాంగనే చింతపండు గోనెల ఎన్కకు ఉరికినవు. తలుపు చాటు నుంచి బయటికొచ్చి నీ సంగతి చెప్పింది నేను. నిన్ను గుంజి బస్సెక్కించింది అత్త. తొమ్మిది దినాలు ఏడివి? నాలుగోనాడే వాపసొచ్చి, అవ్వ ముంగట ఏడ్చుకుంట పదకొండు రొట్టెలు తిన్నవు. చేసిచ్చింది నేనే."