బావకు సమాధి లేదు: సూరత్‌లో ఒక ఈస్టర్

కరోనా రెండో విడతలో మా బావ పోయాడు. మరుసటి ఏడాది ఈస్టర్‌కు పది రోజుల ముందు సూరత్ నుంచి సుగుణక్క ఫోన్ చేసింది. ఈస్టర్ తెల్లవారుజామున మావాళ్ళంతా తమవాళ్ళ సమాధుల దగ్గరికి వెళ్ళి, కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడతారు. "అందరు పోతరు చెల్లె. నేనెక్కడికి పోవాలె? నువ్వు రా" అంది. అక్క నన్ను ఏదైనా అడగడమే అరుదు. ఆ రోజే టికెట్ తీశాను.

గుడ్ ఫ్రైడే ఆరాధన ముగించుకుని వరంగల్‌లో రైలెక్కితే శనివారం సాయంత్రానికి సూరత్ చేరుకున్నాను. స్లీపర్‌కు ఆరు వందల చిల్లర. ఏప్రిల్ ఎండకు బోగీ పెనంలా కాలుతోంది, అందరి మాస్కులూ గడ్డాల కిందికి దిగిపోయాయి. దారిలో దొరికే తిండి మీద నాకు మొదటినుంచీ నమ్మకం లేదు, పులిహోర కట్టుకుపోయాను. స్టేషన్ బయట ఒక ఆటో అతనితో నాకొచ్చిన హిందీలో బేరమాడుతుంటే, "జర తెలుగులనే మాట్లాడు అక్కా, నీ హిందీకి నాకు భయమైతుంది" అన్నాడు. పేరు మల్లేశ్, జగిత్యాల వైపు మనిషి. అక్క ఉండే నవాగామ్‌కు నూట యాభైకి ఒప్పుకున్నాడు. తెల్లవారకముందే మళ్ళీ బండి కావాలి కదా అని అతని నంబరు తీసుకున్నాను.

ప్రభుదాసు బావ భేస్తాన్‌లో మరమగ్గాల మీద పనిచేసేవాడు. ఆదివారం ప్రార్థన వాళ్ళ గదిలోనే జరిగేది, పాట ఎత్తుకునేది ఆయనే. ఆయన పోయాక ప్రార్థన పక్క వీధికి మారింది. అక్క వెళ్తుంది, కూర్చుంటుంది, పాడదు. విశ్వాసి సంతోషాన్ని ఎవరూ తీసుకుపోలేరని వచ్చినవాళ్ళంతా ఆమెకు చెప్పి వెళ్ళారు. సండే స్కూల్లో పిల్లలకు నేను చెప్పేదీ అదే కాబట్టి ఫోన్‌లో నేనూ చెప్పాను. ఆ సాయంత్రం జొన్నరొట్టెలు తింటూ, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని మాట అక్క నాకు చెప్పింది.

బావ ఆస్పత్రిలో పోయిన రోజు అక్క కూడా జ్వరంతో ఇదే గదిలో తలుపు వేసుకుని ఉంది. ఆధార్ కార్డులో బావ పేరు బాప్తిస్మానికి ముందున్న రాజేశమే. ఆ పేరు చూసి, మిగతావాళ్ళతో పాటు ఆయన్నూ బండిలో తాపీ నది ఒడ్డు శ్మశానానికి తీసుకెళ్ళి కాల్చారు. తరవాత అస్థికల సంగతి అడగడానికి అక్కడినుంచి ఫోన్ వచ్చింది.

"బొక్కలు తీస్కపోతరా అని అడిగిన్రు. మా దాంట్ల అట్ల ఉండదని చెప్పిన. నా నోటితోని నేనే వద్దన్న చెల్లె. రేపు ప్రభువు వచ్చి లెవ్వుమంటే ఆయన ఎక్కడికెల్లి లేస్తడు?"

మట్టినుంచి మనిషిని చేసిన దేవుడు బూడిదనుంచి లేపలేడా అన్నాను. "తెలుసు" అని అక్క కంచాలు కడగడానికి లేచింది. తెలిసినా ఆమె గుండెల్లోంచి ఆ భయం పోలేదని నాకు అర్థమై, దుఃఖం వచ్చింది.

తెల్లవారకముందే సంఘంవాళ్ళు టెంపోలో సమాధుల తోటకు బయల్దేరారు. అక్క మల్లేశ్ ఆటో ఎక్కి, నది ఒడ్డు శ్మశానానికి పోనిమ్మంది. రానూపోనూ ఆగడంతో కలిపి మూడు వందలు అన్నాడు. దారి అడగలేదు. "ఆ కరోనా ఎండకాలమంత నా బండి గీ తొవ్వకే తిరిగింది అక్కా" అని బండి పోనిచ్చాడు.

అక్కడ ఒక పెద్దాయన నీళ్ళు కొట్టి గట్టు కడుగుతున్నాడు. అక్క తన హిందీలో విషయం చెప్పింది. ఆ రోజుల్లో ఎవరూ రానివాళ్ళ బూడిదంతా కలిపి తాపీలో వదిలామని, ఎవరిది ఏదో తెలిసే వీలు లేదని ఆయన చెప్పాడు. వదిలేటప్పుడు ఏమైనా అన్నారా అని అక్క అడిగింది. పేర్లు తెలియవు కాబట్టి అందరికీ కలిపి రాముడి పేరు తలుచుకుని దండం పెట్టానన్నాడు.

బాప్తిస్మం కోసం అత్తింటివాళ్ళతో రాకపోకలే వదులుకున్న మనిషి మా అక్క. ఏమంటుందో అని ఆమె ముఖం వైపు చూశాను. "ఒంటిగ పంపలే. మంచిగ చేసినవ్ భయ్యా" అంది. తెలుగులోనే అంది. ఆయనకు ఎంత అర్థమైందో గానీ తల ఊపాడు. అక్క మెట్ల మీద కూలబడి బావురుమంది. వెంట తెచ్చిన కొవ్వొత్తి గాలికి నిలవలేదు. రెండుసార్లు వెలిగించి పక్కన పెట్టేసి, నీళ్ళవైపు చూస్తూ కళ్ళు మూసుకోకుండానే ప్రార్థన చేసింది.

"ప్రభువా, వీళ్ళందర్ని లేపు. అందరు కలిసే ఉన్నరు. ఆయనొక్కన్నే ఏరుకోకు."

దాంతో అక్క దుఃఖం తీరిందని రాస్తే అబద్ధమవుతుంది. తిరిగొచ్చే దారంతా ఏడ్చింది. కానీ నవాగామ్‌లో దిగి, ఉబ్బిన కళ్ళతోనే ప్రార్థన జరిగే ఇంట్లోకి వెళ్ళి, ఎవరూ అడగకుండానే పాట ఎత్తుకుంది. సగంలో గొంతు పూడుకుపోతే పక్కవాళ్ళు అందుకున్నారు, మళ్ళీ కలిసింది. ఏడుపు ఆగాక వచ్చేదే సంతోషమని నేను ఇన్నేళ్ళూ అనుకున్నాను, పిల్లలకూ అలాగే చెప్పాను. అక్కకు ఆ రెండూ ఒకే పూట వచ్చాయి, అందులో ఏడుపే ఎక్కువ. అయినా పాట ఆగలేదు.

మీలో ఎవరైనా ఇలాంటి పని మీద సూరత్ వెళ్తుంటే ఒక్క సలహా: తిరుగు టికెట్ ఈస్టర్ రోజుకే తీయకండి. నేను తీశాను. అక్క రెండో పాట ఎత్తుకునేసరికి నేను గడప బయట చెప్పులు వేసుకుంటున్నాను.