ఎండపూట మూసిన పార్కు బయట మా చిన్నమ్మ

మా చిన్నమ్మను గేటు బయట నిలబెట్టింది మీరే. పొద్దున్నే బూట్లేసుకుని పార్కులో నాలుగు చుట్లు తిరిగి, "పల్లెటూరోళ్ళొచ్చి మధ్యాహ్నం ఇక్కడే పడుకుంటున్నారు, మూయించండి" అని అర్జీ మీద సంతకాలు పెట్టినవాళ్ళు మీలోనే ఉన్నారు. ఆమె మొన్న సోమవారం తెల్లవారుజామున చనిపోయింది. ఇక వచ్చి మీ బెంచీ ఖరాబు చేయదు. నిశ్చింతగా నడవండి.

ముత్తుకూరు దాటాక సముద్రం ఒడ్డున మా పాలెం. చేపలు గుడ్లు పెట్టే కాలమని వేసవిలో సర్కారు రెండు నెలలు వేట ఆపేస్తుంది. పడవలు ఒడ్డెక్కుతాయి. అందరూ వాటిని పస్తుల రోజులంటారు. చిన్నమ్మ మాత్రం 'సముద్రం సెలవు' అనేది. ఆ సెలవులో ఒక రోజు చిన్నాయనకు ఉతికిన చొక్కా తొడిగించి, తలలో మల్లెలు పెట్టుకుని, తొలి బస్సుకు నెల్లూరు వచ్చేది. ఆసుపత్రికి కాదు, పెళ్ళికీ కాదు. పార్కులు చూడ్డానికి. నెత్తిన చేపల బుట్ట లేకుండా ఆమె టౌన్లో అడుగుపెట్టే రోజు ఏడాదికి అదొక్కటే.

నెల్లూర్లోనే ఉంటున్న నన్నూ ఒక ఏడాది వెంటేసుకుపోయింది. బస్టాండు దగ్గరి చిన్న పార్కులో కాసేపు, గులాబీల తోటలో కాసేపు. ఎక్కడా తొందర లేదు. నేను చెట్లకు కొట్టిన పేర్ల బోర్డులు చదువుతుంటే, "బడికి రాలేదు నాయనా, కూచో" అంది. చెరువున్న పెద్ద పార్కులో, హంస ఆకారంలో ఉన్న తొక్కుడు పడవ ఎక్కారు ఇద్దరూ. చిన్నాయన దాని స్టీరింగును తన పడవ చుక్కాని అనుకున్నాడు. చుక్కాని పట్టేవాడు ఎడమకు పోవాలంటే కుడికి నెడతాడు కదా, అట్లాగే తిప్పినాడు. హంస గిర్రున తిరిగి గట్టును గుద్దింది. మళ్ళీ గుద్దింది.

"నడిసముద్రంలో దారి తప్పని మొగుడు ఈ గుంటలో తప్పిపోయినాడు! ఎవరన్నా ఒడ్డు చేర్చండయ్యా!" అని చిన్నమ్మ కేకలు. గట్టు మీది జనమంతా నవ్వారు.

"దీనికి బుద్ధి లేదే, చెప్పిన మాట వినదు" అని చిన్నాయన హంసను తిట్టినాడు.

"నీ చేతిలో పడింది కదా, నీ బుద్ధే వచ్చింది."

చెట్టు కింద అన్నం, ఎండుచేపల వేపుడు తిన్నాక, ఆయన ఆమె ఒళ్ళో తల పెట్టి పడుకున్నాడు. వాచ్‌మన్ విజిల్ ఊదుకుంటూ వచ్చాడు. "పెద్దోళ్ళు, సిగ్గుండొద్దా?"

"మా ఆయనే నాయనా. కావాలంటే లేపి అడుగు. ఇప్పుడే కన్నంటుకుంది, తిట్టు మాత్రం నువ్వే తినాలి."

అతనికి నవ్వాగలేదు. వెళ్ళిపోయాడు.

శ్రామికుల విశ్రాంతి హక్కు గురించి ఏళ్ళ తరబడి సభల్లో మైకు పట్టుకుని అరుస్తున్నాను. ఆ హక్కును కాళ్ళు చాపుకుని అనుభవించిన మనిషిని ఆ రోజే చూశాను. పార్కు నడకకే గానీ నిద్రకా, అంటారా? ఊటీ తోటల్లో దుప్పటి పరుచుకుని పడుకున్న ఫొటోలు మీ వాకర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది మీరే కదా! మీరు పడుకుంటే విహారం, వాళ్ళు పడుకుంటే న్యూసెన్సా?

పోయిన వేసవిలో ఇద్దరూ వచ్చేసరికి పెద్ద పార్కు గేటుకు తాళం. "పదికి మూసేస్తామమ్మా, మళ్ళీ సాయంత్రమే" అన్నాడు వాచ్‌మన్.

"ఎండ ఉన్నప్పుడే కదయ్యా నీడ కావాల్సింది?"

"నన్నడిగి ఏం లాభం? పైవాళ్ళ ఆర్డరు."

సాయంత్రం దాకా ఉంటే ఆఖరి బస్సు అందదు. ఫోను చేస్తే పోయాను. ప్రహరీ గోడ కింద సన్నటి నీడలో ఇద్దరూ కూచున్నారు. నీడ కుదించుకుపోయే కొద్దీ గోడకు ఇంకా అతుక్కుంటున్నారు. ఇంటికి రమ్మన్నాను.

"ఇంట్లో కూచోడానికి బస్సెక్కి రావాలా? లోపలి చెట్ల గాలి ఇక్కడికీ వస్తాంది. నువ్వూ కూచో."

కూచున్నాను. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆమెకు కోపం లేదు. "వచ్చే సెలవుకు తెరుస్తార్లే" అంది బస్సెక్కుతూ. ఆ సెలవు ఇంకా రాలేదు. ఆమె ఆగలేదు.

అందుకే అడుగుతున్నాను:

పార్కులు పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకేదాకా తెరిచి ఉంచాలి.

మూయించమన్న అర్జీని, సంతకాలు పెట్టినవాళ్ళే వెనక్కి తీసుకోవాలి.

తాగే నీళ్ళు, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి ఉండాలి.

పక్కపక్కన కూచున్న మొగుడూపెళ్ళాల మీద, మొగుడూపెళ్ళాలు కానివాళ్ళ మీదా, విజిల్ ఊదడం మానాలి.

ఇవేవీ మీ చేత కాకపోతే, సముద్రం మూసిన ఆ రెండు నెలలన్నా పార్కు మూయొద్దు.