భీమిలామె పేరు

ప్రతిదానికీ దేవుడికి దణ్ణం పెట్టుకోవడం నాకు అలవాటు. లిఫ్టు ఆగిపోతే, మెట్లెక్కే మోకాళ్ళు ఇచ్చాడు కదా అనుకుంటాను. ఈ ఏడాది మహాలయ అమావాస్యకు ముందు మాత్రం చాలా రోజులు కోపంతోనే దీపం పెట్టాను.

ఆ అమావాస్యనాడు మా తమ్ముడు గుళ్ళో పెద్దలకు నువ్వులూ నీళ్ళూ వదులుతాడు. తండ్రి, తాత, ముత్తాత, తర్వాత వాళ్ళ ఇల్లాళ్ళు. ఒక్కొక్కరినీ పేరు చెప్పి తలచుకోవాలి. ముత్తాత భార్య దగ్గరికొచ్చేసరికి తమ్ముడు ఆగిపోతాడు. పంతులుగారు "లక్ష్మి అనండి" అని దాటించేస్తారు. తెల్లవాళ్ళ కాలంలో భీమిలి రేవులో ఓడెక్కి మొగుడి వెంట సముద్రం దాటి ఈ పరాయి దేశానికి వచ్చిన మనిషి ఆవిడ. మా తాతమ్మ. ఈసారైనా ఆమె నీళ్ళు ఆమె పేరుమీదే వదలాలని పట్టుబట్టాను.

జనాభా లెక్కల్లో దొరుకుతుందనుకున్నాను. టోవా పాయోలోని మా ఇంటినుంచి మూడుసార్లు బస్సెక్కి గ్రంథాలయానికి వెళ్ళాను. అక్కడి అమ్మాయి పందొమ్మిదో శతాబ్దపు లెక్కల పుస్తకం తెరమీద చూపించి, ఇంటింటా రాసుకున్న కాగితాలు మిగల్లేదనీ, మొత్తాలే అచ్చయ్యాయనీ మెల్లగా చెప్పింది. మన తెలుగువాళ్ళను తమిళులతోనూ తక్కిన ఇండియావాళ్ళతోనూ కలిపి ఒకే వరసలో వేశారు. మగవాళ్ళకో గడి, ఆడవాళ్ళకో గడి. ఆడవాళ్ళ గడిలో ఉన్న అంకెలో ఒకటి మా తాతమ్మ. మనిషిని గింజలా లెక్కపెట్టి పేరు పారేసిన ఆ దొరనూ వాడి గుమాస్తానూ దారి పొడవునా తిట్టుకున్నాను.

ఆ తిట్లన్నీ సెరంగూన్ పేటలో ఉన్న మేనత్త ముందు మళ్ళీ ఏకరువు పెట్టాను. తొంభై దగ్గరపడుతున్న మనిషి. కాళ్ళు కదలవు గానీ నోరు ఆగదు.

"దొరనెందుకే తిడతావు? గుమ్మంలోకొచ్చి అడిగే ఉంటాడు. పరాయోడి ముందు పెళ్ళాం పేరు పలికే మగాడు ఆ రోజుల్లో ఉన్నాడా?"

పోనీ నాయనమ్మకైనా తెలిసే ఉంటుంది కదా, ఆమె ఎందుకు చెప్పలేదని అడిగాను.

"అత్త పేరు కోడలు ఎత్తుతుందేంటే? ఊరంతటికీ, మా పిల్లలకీ ఆవిడ భీమిలామె. మర్యాద అది."

మర్యాదట. నన్ను బడికి పంపకపోతే, వంటింటి గచ్చుమీద బియ్యప్పిండి పోసి తెలుగు అక్షరాలు దిద్దించింది నాయనమ్మే. రోజూ ఆమెకు మనసులో దణ్ణం పెట్టుకుంటాను. అన్ని అక్షరాలు నేర్పిన మనిషి అత్తగారి పేరులోని నాలుగక్షరాలు మింగేసింది. గుమాస్తా కనీసం లెక్కలోనైనా వేశాడు. అన్నం వండిపెట్టించుకున్నవాళ్ళు, ఆమె కడుపున పుట్టినవాళ్ళు మర్యాద పేరుతో ఆమెను చెరిపేశారు. నాయనమ్మ ఉండగా అడగాలని తోచని నేను మాత్రం ఏం తక్కువ?

నా మొహం చూసి అత్త నవ్వింది. "మరి నీ మొగుడు నిన్నేమని పిలుస్తాడే?"

"ఇదిగో" అని. నలభై ఏళ్ళుగా అంతే.

అమావాస్యనాడు తమ్ముడు మళ్ళీ అక్కడే ఆగాడు. పంతులుగారు లక్ష్మి అనమన్నారు. వెనకనుంచి, "అది ఆవిడ పేరు కాదండీ" అన్నాను. పేరు తెలియనప్పుడు అలా అనడం ఉన్నదేననీ, నీళ్ళు చేరతాయనీ ఆయన ఓపిగ్గానే చెప్పారు. తమ్ముడు సిగ్గుపడుతూ, "అక్కా, వెనక క్యూ ఉందే" అన్నాడు.

"భీమిలి నుంచి ఓడలో వచ్చినావిడ అను. మేం పేరు పోగొట్టినావిడ అను."

మొదటి ముక్క తమ్ముడే గొణిగాడు. రెండోది అనలేకపోయాడు. నేనే అందరికీ వినపడేలా అన్నాను. అతని వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు జారిపోయాయి. ఆ రోజు దేవుడికి దణ్ణం పెట్టుకోవడం కూడా మర్చిపోయాను.

ఇంటికొచ్చి పాలు పొయ్యిమీద పెట్టాను. హాల్లోంచి మా ఆయన, "ఇదిగో, కాఫీ" అన్నాడు. పేరుపెట్టి పిలిస్తేనే ఇస్తానన్నాను. నవ్వులాటకు అన్నాననుకుని నవ్వాడు. నేను నవ్వలేదు. లేచి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "ఇది..." అని మొదలెట్టి మధ్యలోనే ఆగాడు. పాలు పొంగుకొచ్చాయి. మంట తగ్గించి, అతని వైపే చూస్తూ నిలబడ్డాను.