గెడ్డనీటి మల్లెదండ

ఆనందపురం దగ్గరి మల్లెతోటల ఊళ్లో అప్పలసూరిని బాగున్నావా అని అడిగితే, బాగున్నానని చెప్పడు. ఊరికి తను చేసినవన్నీ చెప్తాడు. ఊరి బడిలో అయిదు చదివి, ఆరు మొహం చూడకుండానే ఆర్టీసీ బస్సును ఊళ్లోకి రప్పించినవాడు. దారికి అడ్డంగా పాతిన కరెంటు స్తంభాన్ని పక్కకి జరిపించినవాడు. అన్నిటికన్నా పెద్దది దండ సంగతి. ఒకప్పుడు సభకొచ్చిన అధికారి ఒకాయన, అప్పలసూరి కట్టిన మల్లెదండ మెళ్లో పడీ పడగానే తీసి బల్లమీద గిరాటేశాడు. తెల్లారగట్ల లేచి కోసిన మొగ్గలకి ఆపాటి విలువ లేదా అని అప్పలసూరి అందరి ముందూ నిలదీశాడు. ఆనాటినుంచి ఆ ఊళ్లో అదో కట్టు: సభలో దండ వేయించుకున్న మనిషి సభ ముగిసేదాకా తియ్యకూడదు.

ఇన్ని చేసిన మనిషికి ఆ ఎండాకాలం మల్లెలు అమ్ముకోవడం చేతకాలేదు. పట్నంలోని పూర్ణా మార్కెట్లో పూలకొట్టు ఐజాక్ ఆయన దగ్గరే మొగ్గలు తీసుకునేవాడు. ఓ పొద్దున గోనె విప్పి ముక్కు పెట్టి, వెనక్కి జరిగాడు.

"బావా, ఇవి పెళ్లికూతురు తల్లో పెట్టేవి. కోడిపెంట కంపు కొడితే నన్ను చర్చిలోంచి తరిమేత్తారు. నీళ్లు మార్చు. లేపోతే నాను యేరే తోట సూసుకుంటాను."

మార్చడానికి వేరే నీళ్లెక్కడివి? కోసిన మొగ్గల మీద ఊరి పక్కన పారే గెడ్డలో నీళ్లు చల్లి, తడిగోనెలో చుట్టి బజారుకి పంపడం అక్కడి పద్ధతి. ఆ వాగుకి ఎగువన కొండలరావు కోళ్లఫారం ఉంది. షెడ్లు కడిగిన నీళ్లూ పెంటా పోయే మట్టిగొయ్యి ఎప్పుడో నిండిపోయి, గట్టు తెగి గెడ్డలోకి పారుతోంది. ఐజాక్ మొహం తిప్పుకుంటే తోట పీకెయ్యడమే. అప్పలసూరికి మరో పంట లేదు.

కొండలరావు గోదావరి మనిషి. స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టులు చేసి, ఆ డబ్బు కోళ్లమీద పెట్టాడు. అప్పలసూరి వెళ్లి మొరపెట్టుకుంటే కూర్చోబెట్టి టీ పోయించాడు. పల్లెటూరన్నాక ఆమాత్రం వాసన ఉండదేంటండీ అని నవ్వి, గుడ్ల అట్ట చేతిలో పెట్టి సాగనంపాడు. ఇంటికొచ్చి అప్పలసూరి పెళ్లాం పైడమ్మ చేత తిట్లూ తిన్నాడు, గుడ్లూ తిన్నాడు.

అంతలో కొండలరావుకి ఇంకో పెద్ద షెడ్డు మీద మనసైంది. పంచాయతీ ఒప్పుకోనిదే కట్టడానికి లేదు. అప్పలసూరి పంచాయతీ సెక్రటరీ శ్రీసత్య దగ్గరికి పోయి, ఫారానికి తాళం వేయించమని అడిగాడు. అది తమ చేతిలో లేదని, కొత్త షెడ్డు వద్దనడం, పాతదానికి షరతులు పెట్టడం, నీటి పరీక్షకి పైకి రాయడం మాత్రం గ్రామసభ చేతిలో ఉన్నాయని ఆవిడ చెప్పింది. చిక్కల్లా చేతులెత్తే జనంతోనే. కొండలరావు అప్పటికే వాడవాడా తిరిగి కుర్రాళ్లకి ఉద్యోగాలిస్తానన్నాడు. ఊరు సగం మెత్తబడింది.

సభలో కొండలరావుకి వెయ్యడానికి దండ కట్టమని సర్పంచి ఎప్పట్లాగే అప్పలసూరికే కబురు పెట్టాడు.

"ఆడికి కూడా దండేటి?" అంది పైడమ్మ.

"మన కట్టు మనం తప్పకూడదే. కడతాను. మన గెడ్డనీళ్లతోనే తడుపుతాను."

చెయ్యంత లావున కట్టాడు. సాయంత్రమే ఫారం దిగువన ముంచి, తడిగోనెలో చుట్టి పెట్టాడు. పైకి మాత్రం రెండు వరసలు తాజా మొగ్గలు గుచ్చాడు.

సభనాడు అంత దండ చూసి కొండలరావు పొంగిపోయి మెడ వంచాడు. మొదట మల్లెల వాసనే వచ్చింది. షామియానా కింద ఎండ వేడెక్కేకొద్దీ లోపలి సరుకు పైకి తేలింది. తన ఫారం నీళ్లు కొబ్బరినీళ్లంత స్వచ్ఛమని ఆయన మైకులో చెప్తూంటే ఈగలు ఒక్కొక్కటే వచ్చి గుండెలమీద వాలాయి. సర్పంచి కుర్చీ కాస్త జరుపుకున్నాడు. ఇంకాసేపటికి ఇంకాస్త. కొండలరావు దండమీద చెయ్యి వేశాడో లేదో, తియ్యకూడదు బాబూ, ఊరి కట్టు అని ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని గుర్తుచేశారు.

"ఏం కంపండీ ఇది," అని మైకులోనే అనేశాడు కొండలరావు. "ఏ మురిక్కాలవలో ముంచారండీ?"

అప్పలసూరి లేచి చేతులు కట్టుకున్నాడు. "కాలవ కాదు బాబూ, గెడ్డ. మీ ఫారం దిగువన. మేం రోజూ పూలు తడిపే నీళ్లే."

ఇది కుట్ర అన్నాడు కొండలరావు. దండలో ఏం కలిపారో ఎవడికి తెలుసన్నాడు. ఆ మాటలో న్యాయం ఉందని శ్రీసత్య ఒప్పుకుంది. దండ వాసన పట్టుకుని తీర్మానం రాయలేం, గెడ్డ ఎంతో దూరం లేదు, అందరూ వెళ్లి చూద్దాం రండి అంది. సభ ఇంకా ముగియలేదు గనుక దండ తియ్యడానికి వీల్లేదు. ముందు కొండలరావు, వెనక ఊరు. బ్యాండుమేళం ఒక్కటే తక్కువ. తెగిన గట్టు దగ్గర నల్లటి నీళ్లు బొళబొళమని గెడ్డలోకి దిగుతున్నాయి. ఆయన వంగి చూశాడు, జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. మరి కుట్రన్న మాట ఎత్తలేదు.

ఉద్యోగాలకి ఆశపడ్డవాళ్లతో సహా ఆ ఒడ్డునే చేతులెత్తారు. కొత్త షెడ్డు వద్దు. వానల్లోపు గోతికి సిమెంటు కట్టాలి. నీళ్లు పరీక్ష చేయించి, ఫలితం ప్రతి గ్రామసభలోనూ చదవాలి. కొండలరావు కొన్నాళ్లు పట్నం ఆఫీసుల చుట్టూ తిరిగి, పని జరక్క సణుక్కుంటూనే గొయ్యి కట్టించాడు.

మరుసటి ఎండాకాలం ఐజాక్ గోనె విప్పి ముక్కు పెట్టి, నేరుగా తూకానికి వేశాడు.

ఆ రోజునుంచి బస్సూ స్తంభమూ వెనక్కిపోయాయి. గెడ్డని బాగుచేసింది తనేనని అప్పలసూరి కనబడ్డవాడికల్లా చెప్తున్నాడు. ఓసారి అరుగుమీద అదే మొదలెడితే, లోపల మొగ్గలు ఏరుతున్న పైడమ్మ తల ఎత్తకుండానే అడిగింది.

"ఆ రోజు గట్టు మీద లేసిన సేతులన్నీ నీయేనేటి?"

అప్పలసూరి తన కుడిచెయ్యి ఎత్తి చూసుకున్నాడు.

"ఒకటి నాదే," అన్నాడు.

"మరి ఆ ఒక్కటే సెప్పుకో."