స్పామ్‌లో పడ్డ రిపోర్టు

హన్మకొండలో ఒక ల్యాబ్‌లో రిపోర్టులు మెయిల్ చేయడం నా పని. అదే అడ్రస్ నుంచి రోజూ అందరికీ డిస్కౌంట్ ఆఫర్లు కూడా పంపేవాణ్ని. విసుగెత్తి చాలామంది ‘స్పామ్’ అని నొక్కారు. తెలిసినా పట్టించుకోలేదు.

ఒకరోజు పరకాల నుంచి యాకూబ్ చాచా వచ్చాడు.

“మీ చాచీ గడ్డ రిపోర్టు ఇంక రాలే బిడ్డా. పది దినాలాయె.”

ఎప్పుడో పంపాను. ఆయన ఫోన్ తీసి చూస్తే, లాటరీ మెయిళ్ల నడుమ స్పామ్‌లో ఉంది. అంతమంది స్పామ్ అని నొక్కాక మా మెయిళ్లన్నీ అక్కడికే పోతున్నాయి.

రిపోర్టులో క్యాన్సర్ అని ఉంది.

“ఇయాల్నే పెద్ద దవాఖానకు తీస్కపో చాచా” అన్నాను.

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. “నాకే ఫోన్ సూసుడు రాదు బిడ్డా. తప్పు నాదే.”

ఆ రోజు చెప్పలేని మాట ఇక్కడ రాస్తున్నాను. తప్పు నాది చాచా.